చెవికి చేరినా మెదడుకు అందని మాట: ఆ పరిశోధనకు దాతలెవరు?

గత నెల ఈ శీర్షికలో ఒక పాఠకురాలికి జవాబిస్తూ, చెవి బాగానే ఉన్నా విన్న మాటను మెదడు విడదీసుకోలేని స్థితి ఒకటి ఉందని, దానిని ఆడిటరీ ప్రాసెసింగ్ డిజార్డర్ అంటారని, దాని మీద జరిగే పరిశోధనకు అమెరికాలో కొందరు దాతలు దశాబ్దాలుగా డబ్బు ఇస్తున్నారని నాలుగు వాక్యాల్లో రాశాను. ఆ నాలుగు వాక్యాలకు వచ్చినన్ని ఉత్తరాలు ఈ మధ్య కాలంలో మరి దేనికీ రాలేదు. కొందరు జబ్బు గురించి అడిగారు, ఎక్కువమంది డబ్బు గురించి అడిగారు. అందువల్ల ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను. రాయడానికి సులువుగా ఉంటుందని ఏపీడీ అనే పొట్టి పేరే వాడతాను.

ప్రశ్న: మా అబ్బాయికి తొమ్మిదేళ్లు. వినికిడి పరీక్ష రెండుసార్లు చేయించాం, రెండుసార్లూ అంతా మామూలుగానే ఉందన్నారు. అయినా తరగతిలో చెప్పిన దాంట్లో సగమే వాడికి అందుతోందని టీచర్లు అంటున్నారు. మీరు రాసిన జబ్బు గురించి అడిగితే ఒక డాక్టరు గారు అలాంటి జబ్బే లేదన్నారు. లేని జబ్బుకు దాతలు డబ్బు ఎందుకు ఇస్తున్నట్టు? (ఒక తల్లి, తెనాలి)

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలోని చివరి వాక్యానికి జవాబు చెప్పగలిగితే మిగిలిన ఉత్తరాలన్నిటికీ సగం జవాబు చెప్పినట్టే.

మీ అబ్బాయికి చేసిన పరీక్షలో చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి, ఒక్కొక్క స్వరాన్ని ఎంత చిన్నగా వినిపించినా పట్టుకోగలుగుతున్నాడా అని చూసి ఉంటారు. అది చెవి ఎంత చురుగ్గా ఉందో చెప్పే పరీక్ష. తరగతి గదిలో మాత్రం పైన ఫ్యాను తిరుగుతూ ఉంటుంది, పక్క గదిలో ఎక్కాలు చదువుతూ ఉంటారు, వెనక బెంచీలో ఎవరో గుసగుసలాడుతూ ఉంటారు. ఆ కలగాపులగంలోంచి టీచరు గొంతును వేరు చేసి పట్టుకోవలసింది మెదడే. ఆ పనిలో మెదడు తడబడటాన్నే ఏపీడీ అంటున్నాం.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1954లో ఇటలీలో బొక్కా అనే వైద్యుడు, ఆయన సహచరులు, కణతల వెనక ఉండే మెదడు భాగంలో గడ్డలున్న రోగులకు కావాలని మసకబరిచిన మాటలు వినిపించి చూశారు. మామూలు పరీక్షలో రెండు చెవులూ సమానంగా ఉన్నవారికే, గడ్డకు ఎదురు వైపున ఉన్న చెవిలో ఆ మసక మాటలు సరిగా అందలేదు. 1961లో కెనడాలో డోరీన్ కిమూరా రెండు చెవుల్లోనూ ఒకేసారి వేర్వేరు అంకెలు వినిపించి, మెదడులో ఏ వైపు మాటను ఎలా అందుకుంటుందో చూపించారు. ఇవాళ ఏపీడీ కోసం చేసే పరీక్షల్లో చాలావాటికి మూలం ఈ రెండు ప్రయోగాల్లోనే ఉంది.

గడ్డ ఉన్న పెద్దవారి విషయంలో ఎవరికీ అనుమానం లేదు. గడ్డా లేక, దెబ్బా తగలక, చదువులో వెనకబడుతున్న పిల్లవాడి దగ్గరికి వచ్చేసరికే తగాదా మొదలవుతుంది. 2013లో ఆస్ట్రేలియా పరిశోధకులు విల్సన్, ఆర్నాట్ 150 మంది పిల్లల పరీక్షా ఫలితాలను తీసుకుని, అప్పటికి వాడుకలో ఉన్న 9 రకాల ప్రమాణాలను వాటికి వర్తింపజేశారు. ఒక ప్రమాణం ప్రకారం వారిలో 7.3 శాతం మందికి ఏపీడీ ఉన్నట్టు తేలింది, మరో ప్రమాణం ప్రకారం 96 శాతం మందికి ఉన్నట్టు తేలింది. పిల్లలూ వారే, ఫలితాలూ అవే, మారినదల్లా కొలబద్ద. అంతకు ముందే, 2010లో, ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో డేవిడ్ మూర్ బృందం 6 నుంచి 11 ఏళ్ల మధ్య వయసున్న 1,469 మంది పిల్లలను పరీక్షించి, వినడంలో ఇబ్బంది అని మనం అనుకునే దానిలో పెద్ద పాలు ఏకాగ్రతకు సంబంధించినదేనని ప్రకటించింది.

మీ డాక్టరు గారు ఈ తగాదాను దృష్టిలో పెట్టుకుని ఆ మాట అని ఉండవచ్చు. అయితే గీత ఎక్కడ గీయాలో తేలకపోవడం వేరు, గీతకు అవతల ఎవరూ లేకపోవడం వేరు. మీ అబ్బాయి పడుతున్న ఇబ్బంది నిజం. దానికి ఏ పేరు పెట్టాలో, ఏ పరీక్షతో తేల్చాలో, ఏ సాయం పనికొస్తుందో చెప్పవలసినది పరిశోధన, దానికే దాతలు డబ్బు ఇస్తున్నారు. ప్రస్తుతానికి మీరు ఒక ఆడియాలజిస్టు, అంటే వినికిడి నిపుణుడి చేత శబ్దం మధ్య మాట వినే పరీక్ష చేయించండి, దానితోపాటే భాషా సామర్థ్యం, ఏకాగ్రత కూడా చూపించండి. చిన్నప్పుడు చెవిలో తరచు చీము పట్టి ఉంటే ఆ మాట తప్పక చెప్పండి. అలాంటి పిల్లల్లో కొందరికి ఏ గొంతు ఏ దిక్కు నుంచి వస్తోందో పోల్చుకునే శక్తి తగ్గుతుందని ఆస్ట్రేలియాలో షారన్ కామెరన్, హార్వీ డిలన్ చేసిన పనిలో తేలింది, దానికి ప్రత్యేకమైన పరీక్ష, సాధన కూడా ఉన్నాయి.

ప్రశ్న: అమెరికాలో ఫ్రీమేసన్లు ఈ జబ్బుకు డబ్బు ఇస్తారని ఎక్కడో చదివాను. ఏదో రహస్య సంఘమని విన్నవాళ్లకు పిల్లల వినికిడితో ఏం పని? అంత ధనిక దేశంలో ప్రభుత్వం ఇవ్వదా? (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, వరంగల్)

జవాబు: ఫ్రీమేసన్లంటే సోదరభావం, దానధర్మాలు తమ లక్ష్యాలని చెప్పుకునే ఒక పాత సంఘంవారు, మనకు మరీ అంత దూరపు వారు కాదు లెండి. హైదరాబాదులోని గోషామహల్ బారాదరి పందొమ్మిదో శతాబ్దం నుంచి వారి సమావేశ మందిరంగానే ఉంది. అమెరికాలో ఈ సంప్రదాయానికి అనుబంధంగా అనేక శాఖలున్నాయి. అవి ఒక్కొక్కటీ ఒక్కొక్క సేవను తమదిగా ఎంచుకున్నాయి. ష్రైనర్లు పిల్లల ఆసుపత్రులు నడుపుతారు, వాటిలో మొదటిది 1922లో తెరిచారు. స్కాటిష్ రైట్ వారు పిల్లల మాట, భాషా లోపాల చికిత్సా కేంద్రాలను పోషిస్తారు. నైట్స్ టెంప్లార్ వారు కంటి పరిశోధనకు ఇస్తారు. రాయల్ ఆర్చ్ శాఖ ఎంచుకున్నది ఏపీడీ పరిశోధన.

మన ఊళ్లలో ఇలాంటివి చూడలేదా? లయన్స్ క్లబ్బు అనగానే కంటి ఆసుపత్రి గుర్తొస్తుంది, ఎందుకంటే 1925లో హెలెన్ కెల్లర్ వారి సభకు వచ్చి అంధుల పక్షాన నిలబడమని కోరారు, వారు ఆ కోరికను నేటికీ మోస్తున్నారు. రోటరీ అనగానే పోలియో చుక్కలు గుర్తొస్తాయి. అందరికీ తెలిసిన జబ్బును ఎవరైనా దత్తత తీసుకుంటారు. ఎవరికీ తెలియని జబ్బుకు మాత్రం ఒక సంఘం పట్టుదలగా, ఏటేటా, ఫలితం కనబడినా కనబడకపోయినా ఇస్తూ పోవడం చాలా అవసరం, రాయల్ ఆర్చ్ వారు చేసిన మేలు అదే.

వారు ఆ డబ్బును తమ చేతులతో పంచరు. న్యూయార్కులోని హియరింగ్ హెల్త్ ఫౌండేషన్ అనే సంస్థకు ఇస్తారు. ఆ సంస్థను 1958లో కలెట్ రామ్సే బేకర్ అనే మహిళ డెఫ్‌నెస్ రీసెర్చ్ ఫౌండేషన్ అన్న పేరుతో స్థాపించారు, ఇప్పటి పేరు 2011లో వచ్చింది. ఆమె ఏళ్ల తరబడి వినికిడి లోపంతో బాధపడి, శస్త్రచికిత్సతో వినికిడిని తిరిగి పొందిన మనిషి. తనకు దక్కిన భాగ్యం అందరికీ దక్కాలంటే పరిశోధన జరగాలన్నది ఆమె పట్టు. 1960 నాటికే ఆ సంస్థ, చనిపోయినవారి చెవి ఎముకను పరిశోధనకు దానంగా స్వీకరించే ఏర్పాటు చేసింది. నేత్రదానం మాట తెలిసిన మనకు కర్ణదానం మాట వింటే ఒక్క క్షణం ఆశ్చర్యం కలగక మానదు.

ఈ సంస్థ ఇచ్చే గ్రాంట్లు పెద్దవి కావు, పదుల వేల డాలర్ల స్థాయిలో ఉంటాయి, అవి కూడా ఎక్కువగా కెరీరు తొలి దశలో ఉన్న పరిశోధకులకే వెళ్తాయి. మీరడిగిన ప్రభుత్వం సంగతి ఇక్కడే వస్తుంది. 1988లో అమెరికా ప్రభుత్వం వినికిడి, మాట, భాష వంటి వాటి కోసం ప్రత్యేకంగా ఒక జాతీయ పరిశోధనా సంస్థను నెలకొల్పింది, దాని వార్షిక బడ్జెటు ఇప్పుడు 50 కోట్ల డాలర్లకు పైమాటే. అయితే ఆ గుమ్మం తొక్కాలంటే దరఖాస్తుతోపాటు కొంత ప్రాథమిక ఫలితం చూపించాలి. ప్రాథమిక ఫలితం రావాలంటే ఎవరో ముందుగా డబ్బు పెట్టాలి. బ్యాంకులో పనిచేసిన మీకు వేరే చెప్పనక్కరలేదు, తాకట్టు పెట్టడానికి ఏమీ లేనివాడికి మొదటి అప్పు పుట్టడమే కష్టం. ఆ మొదటి చేబదులు ఇచ్చేవారే ఈ దాతలు.

బ్రిటన్ కథ కూడా ఇలాంటిదే. వినికిడి లోపం ఉన్నవారి కోసం పనిచేసే అక్కడి పెద్ద సంస్థ ఆర్.ఎన్.ఐ.డి.కి 1911లో పునాది వేసిన లియో బాన్ స్వయంగా వినికిడి లేని బ్యాంకరు. జాక్ ఆష్లీ అనే పార్లమెంటు సభ్యుడికి 1967లో చెవి ఆపరేషను వికటించి వినికిడి పూర్తిగా పోయింది. ఆయన పదవి వదులుకోక, పెదవుల కదలికలను చదువుతూ సభలో కొనసాగి, 1985లో భార్య పాలీన్‌తో కలిసి వినికిడి పరిశోధనకే ప్రత్యేకంగా ఒక ధర్మనిధిని స్థాపించారు. అది 2013లో పెద్ద సంస్థలో కలిసిపోయింది. గమనించారా, బేకర్, బాన్, ఆష్లీ ముగ్గురూ తమకు తగిలిన దెబ్బతోనే ఈ పనిలోకి వచ్చారు. ఏపీడీకి ఉన్న చిక్కు ఇక్కడే ఉంది. ఆ ఇబ్బందితో పెరిగిన పిల్లవాడు తాను మందమతినని నమ్మి పెరుగుతాడే తప్ప, తనకో లోపం ఉందనీ దాని మీద పరిశోధన జరగాలనీ అతనికి తట్టదు. పెద్దయి డబ్బు సంపాదించినా ఈ పద్దులో దానం చేసే దాత కాలేడు.

ప్రశ్న: ఏపీడీకి మందు ఉందా? దానాలతో మందు ఎన్నాళ్లలో వస్తుంది? (నెల్లూరు)

జవాబు: మందు లేదు. జరుగుతున్న పరిశోధనలో ఎక్కువ భాగం పరీక్షల మీద, సాధనల మీద, టీచరు గొంతును నేరుగా పిల్లవాడి చెవికి చేర్చే వైర్‌లెస్ మైకుల మీద సాగుతోంది.

ప్రశ్న: ఆడియాలజీ చదువుతున్నాను. ఏపీడీ మీద పనిచేయాలని ఉంది. మన దేశంలో దానికి డబ్బు ఇచ్చేవారు ఉన్నారా? తెలుగులో చేయడానికి ఏం మిగిలి ఉంది? (విద్యార్థిని, సికింద్రాబాద్)

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే పని ఏమిటో తెలిస్తే డబ్బు ఎంత కావాలో తెలుస్తుంది.

ఇంగ్లీషులో రెండు చెవుల్లో ఒకేసారి అంకెలు వినిపించే పరీక్ష ఉంది. ఒకటి నుంచి పది వరకు అంకెల్లో ఏడును పక్కన పెడితే మిగిలినవన్నీ ఇంగ్లీషులో ఒక్క దెబ్బన పలికే మాటలే, కాబట్టి కుడి చెవిలో ఒకటి, ఎడమ చెవిలో ఒకటి వేస్తే రెండూ ఒకేసారి మొదలై ఒకేసారి ముగుస్తాయి. పరీక్ష అంతా ఆ సమానత్వం మీదే ఆధారపడి ఉంది. తెలుగులోకి వస్తే "ఎనిమిది"కి నాలుగు అక్షరాలు, "ఆరు"కు రెండు. ఈ రెండింటినీ జతచేస్తే ఆరు ముగిసిన తరువాత కూడా ఎనిమిది ఇంకా వినబడుతూ ఉంటుంది, పిల్లవాడు దాన్ని తాపీగా పట్టుకుంటాడు. రెండక్షరాల అంకెలు మాత్రమే తీసుకుందామంటే రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు, పది మిగులుతాయి. వాటిలో ఐదు, ఆరు, ఏడు మూడూ అచ్చుతో మొదలై ఉకారంతో ముగుస్తాయి కనుక ఒకదానితో ఒకటి పొరబడే వీలు ఎక్కువ. ఇంకో సంగతి: ఇంగ్లీషు మీడియంలో చదివే మన పిల్లల్లో ఫోను నంబరు తెలుగులో చెప్పగలిగేవారు ఎందరు? "డెబ్బై తొమ్మిది" అంటే ఎంత అని అడిగే మనవడు మీ ఇంట్లోనూ ఉండే ఉంటాడు. తెలుగు అంకెలతో పరీక్షించి మార్కులు తక్కువ వస్తే, లోపం వినడంలో ఉందో తెలుగు అంకెలు రాకపోవడంలో ఉందో ఎలా తేలుతుంది?

మాటల విషయం కూడా అంతే. "తాత", "దాత" అన్న రెండు మాటల మధ్య తేడా మొదటి హల్లు దగ్గర కొన్ని మిల్లీసెకన్ల కాలం మీద నిలబడి ఉంది. అలాంటి జతలు తెలుగుకు తెలుగే వెతుక్కోవాలి, ఇంగ్లీషు జాబితాను అనువదిస్తే దొరకవు. వెతికిన తరువాత వాటిని రికార్డు చేయాలి, చప్పుడు కలపాలి, ఆపైన అసలైన శ్రమ: ఏ ఇబ్బందీ లేని పిల్లలను ఏడేళ్ల వారిని, ఎనిమిదేళ్ల వారిని, తొమ్మిదేళ్ల వారిని వేర్వేరుగా వందల మందిని పరీక్షించి, ఏ వయసుకు ఎన్ని మార్కులు రావడం మామూలో తేల్చాలి. శ్రీకాకుళం పిల్లవాడికీ, ఆదిలాబాదు పిల్లవాడికీ ఆ మాటలు సమానంగా పరిచయమో కాదో చూడాలి. చప్పుడులో వాక్యాలు వినే పరీక్ష కోసం సమాన స్థాయిలో ఉండే తెలుగు వాక్యాల జాబితాలు 2017లో ప్రచురితమయ్యాయి, అది మంచి ఆరంభం. దాన్ని పిల్లల వయసుల వారీగా, ప్రాంతాల వారీగా విస్తరించే పని మీలాంటివారి కోసం కాచుకుని ఉంది.

ఇప్పుడు డబ్బు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థకు సొంత పరిశోధనా నిధి ఉంది. మన దేశంలో ఏపీడీ మీద ఎక్కువ పని జరిగింది అక్కడే. ఆశా యతిరాజ్ గారు ఒక సహచరితో కలిసి రూపొందించిన 12 ప్రశ్నల ప్రాథమిక జాబితా ఇవాళ వాడుకలో ఉంది. మీ ఊళ్లోనే మనోవికాస్‌నగర్‌లో, ముంబయిలో 1983లో స్థాపించిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థకు ప్రాంతీయ కేంద్రం ఉంది. ఆ పేరుగల ఆయన హైదరాబాదీ, ఉస్మానియాకు ఉపకులపతిగా పనిచేసినవారు, మహారాష్ట్ర గవర్నరుగా ఉన్నవారు. మీరు డాక్టరేటు దాకా వెళ్లదలిస్తే ఇండియా అలయన్స్‌ను గుర్తుపెట్టుకోండి. బ్రిటన్‌లో హెన్రీ వెల్‌కమ్ అనే మందుల వ్యాపారి 1936లో చనిపోయాక ఆయన వీలునామా నుంచి పుట్టిన ధర్మనిధి, మన బయోటెక్నాలజీ శాఖ చేతులు కలిపి నడుపుతున్న ఫెలోషిప్పుల సంస్థ అది. దాని కార్యాలయం హైదరాబాదులోనే ఉంది.

ఇవన్నీ పోటీ పడి సంపాదించుకోవలసినవి. ఏపీడీకే అని ప్రత్యేకించి, అమెరికాలో రాయల్ ఆర్చ్ వారిలా, ఏటా ఒక చిన్న మొత్తం పక్కన పెట్టే తెలుగు సంఘం ఉంటే బాగుండునని నాకు ఎప్పటి నుంచో ఉంది. మన దాతృత్వానికి కొదవ లేదు. మెదడు పరిశోధనకు పెద్ద చెయ్యి ఉన్నవారూ ఉన్నారు: బెంగళూరు సైన్సు సంస్థలో మెదడు పరిశోధనా కేంద్రం కోసం క్రిస్ గోపాలకృష్ణన్ కుటుంబ ధర్మనిధి 2014లో 225 కోట్ల రూపాయలు ప్రకటించింది, అయితే ఆ కేంద్రం దృష్టి ప్రధానంగా వృద్ధాప్యంలో మెదడుకు వచ్చే జబ్బుల మీద ఉంది. చెవుల విషయంలో మన ప్రభుత్వాలు, దాతలు కూడా కంటికి కనబడే వాటినే ఎంచుకుంటారు. పుట్టు చెవుడు ఉన్న పిల్లలకు ఆపరేషనుతో చెవిలో అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ అనే వినికిడి పరికరాన్ని ఆరోగ్యశ్రీలో చేర్చడం వల్ల ఎందరో పిల్లలు మాట్లాడగలిగారు, అది గొప్ప పనే. ఆపరేషను ముందు వినని పిల్లవాడు తరువాత "అమ్మా" అంటాడు, పత్రికలో ఫొటో పడుతుంది. ఏడేళ్ల పిల్లలకు సగటున ఎన్ని మార్కులు వస్తాయో చెప్పే పట్టికకు ఫొటో ఉండదు.

చట్టం కూడా ఇక్కడ మసకగానే ఉంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వినికిడి లోపాన్ని డెసిబెల్లలో కొలుస్తుంది: రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్లకు తగ్గకుండా నష్టం ఉంటేనే లెక్కలోకి వస్తుంది. ఏపీడీ పిల్లవాడికి ఆ నష్టం ఉండదు. అదే చట్టంలో అభ్యసన లోపాల నిర్వచనంలో గ్రహణ సంబంధమైన లోపాలు అన్న మాట ఉంది, ఏపీడీ పిల్లలకు చోటు అడగాలంటే ఆ తలుపే తట్టాలి. తట్టాలంటే ముందు తెలుగులో ప్రామాణికమైన పరీక్ష చేతిలో ఉండాలి. అందుకే ఈ జవాబు ఇంత పొడుగైంది.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. మా మిత్రబృందం ఏటా కొంత సొమ్ము పోగుచేసి ఊళ్లో బడులకు పంపుతుంది. ఈసారి ఇలాంటి పరిశోధనకు పంపాలనుకుంటున్నాం. ఎలా? (టెక్సాస్)

జవాబు: రెండు దారులున్నాయి. అక్కడి సంస్థకు, అంటే పైన చెప్పిన ఫౌండేషన్ వంటి వాటికి ఇస్తే అమెరికా పన్ను లెక్కల్లో మినహాయింపు వస్తుంది, డబ్బు ఏ పరిశోధకుడికి వెళ్లిందో వారు ఏటా ప్రకటిస్తారు. ఇక్కడి సంస్థకు ఇవ్వాలంటే మీ చేతిలో ఏ పాస్‌పోర్టు ఉందో ముందు చూసుకోండి. భారత పౌరులుగానే ఉన్నవారు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపితే అది విదేశీ విరాళమే, దాన్ని అందుకునే సంస్థకు 2010 నాటి ఎఫ్‌సీఆర్‌ఏ చట్టం కింద నమోదు లేదా ముందస్తు అనుమతి ఉండాలి. 2020లో ఆ చట్టాన్ని సవరించిన తరువాత, ఆ డబ్బు ముందుగా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే చేరాలి, అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు బదలాయించకూడదు. కాబట్టి "ముందు మా ఊరి ట్రస్టుకు పంపండి, మేం కాలేజీకి ఇస్తాం" అన్న పాత పద్ధతి ఇప్పుడు చెల్లదు. మీ బృందంలో రెండు రకాల పాస్‌పోర్టులవారూ ఉంటే సొమ్ము కలపకముందే ఈ లెక్క తేల్చుకోండి.

ప్రశ్న: నా భార్య జ్ఞాపకార్థం మూడు లక్షలు ఏదైనా మంచి పనికి ఇవ్వాలనుకుంటున్నాను. ఆమె ముప్పై ఏళ్లు టీచరుగా పనిచేసింది. పట్నం నుంచి వచ్చిన ఒకాయన, పిల్లల మెదడుకు వినడం నేర్పే కంప్యూటరు కార్యక్రమం ఉందని, ఆ డబ్బుతో పది బడుల్లో పెట్టిస్తే అదే పరిశోధన అవుతుందని అంటున్నాడు. ఇవ్వవచ్చా? (రాజమహేంద్రవరం)

జవాబు: అయ్యా, తొందరపడకండి. సరుకు అమ్మడం వేరు, పరిశోధన వేరు.

1990లలో అమెరికాలో ఫాస్ట్ ఫర్‌వర్డ్ అనే కంప్యూటరు కార్యక్రమం పెద్ద సంచలనం సృష్టించింది. దాని వెనక ఉన్నవారు పేరున్న శాస్త్రవేత్తలు, తొలి ఫలితాలు 1996లో ప్రసిద్ధ పత్రికలో వచ్చాయి, ఎన్నో బడులు కొనుక్కున్నాయి. తరువాత గిలమ్ అనే పరిశోధకుడి బృందం భాషా లోపం ఉన్న 216 మంది పిల్లలను నాలుగు గుంపులుగా చేసి, ఒక గుంపుకు ఈ కార్యక్రమం, మరొక గుంపుకు వేరే కంప్యూటరు పాఠాలు, ఇంకొక గుంపుకు థెరపిస్టు దగ్గర పాఠాలు, చివరి గుంపుకు భాషతో సంబంధమే లేని లెక్కలు, సైన్సు, భూగోళం ఆటలు ఇచ్చి, 2008లో ఫలితాలు ప్రకటించింది. నాలుగు గుంపులూ దాదాపు సమానంగా బాగుపడ్డాయి. శ్రద్ధగా రోజూ కూర్చోబెట్టి ఏదో ఒకటి చేయించడమే పిల్లలకు మేలు చేసి ఉండవచ్చునని, ఆ కార్యక్రమానికి ప్రత్యేకమైన మహిమ కనబడలేదని అర్థం. ఇలాంటి పరీక్షకు అమ్మేవాడు డబ్బు పెట్టడు, ఎందుకు పెడతాడు? ప్రభుత్వమో, దాతో పెట్టాలి. పనిచేయదని తేల్చిన పరిశోధన కూడా ఎన్నో కుటుంబాల డబ్బును, కాలాన్ని కాపాడుతుంది.

కాబట్టి ఆయనను మూడు సంగతులు అడగండి: పోల్చి చూడటానికి ఈ కార్యక్రమం ఇవ్వని పిల్లల గుంపు ఉంటుందా, ముందూ తరువాతా పరీక్షించేవారు అమ్మకంతో సంబంధం లేనివారేనా, పరిశోధన వల్ల పిల్లలకు హాని జరగకుండా చూసే నైతిక సంఘం అనుమతి ఏ సంస్థ నుంచి వచ్చింది. జవాబు తడబడితే మర్యాదగా కాఫీ ఇచ్చి పంపించండి.

మీ మూడు లక్షలు చిన్న మొత్తం అనుకోకండి. పైన విద్యార్థినికి చెప్పిన పనిలో పెద్ద యంత్రాలు అక్కరలేదు. ఆడియాలజీ నేర్పే కళాశాలలో రికార్డింగు గది ఎటూ ఉంటుంది. కొరవడేది పిల్లలను పరీక్షించడానికి ఊళ్లకు తిరిగే ఖర్చు, ఆ తిరిగే యువ పరిశోధకులకు కొన్ని నెలల భృతి. మీ భార్య పేరిట ఒక కళాశాలకు, తెలుగు పిల్లల కోసం ఫలానా పరీక్షకు వయసుల వారీ పట్టిక తయారుచేయాలి, అది ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ప్రచురించాలి అన్న షరతుతో ఇవ్వండి. షరతు రాతపూర్వకంగా ఉండాలి. సొమ్మును ఒకేసారి కాక, పని జరిగేకొద్దీ రెండు మూడు విడతలుగా ఇవ్వండి. ఫలితం ఎలా రావాలో మాత్రం షరతు పెట్టకండి.

పన్ను సంగతి: విరాళాలకు 80జీ అని మనం పిలుచుకునే మినహాయింపు పాత పన్ను విధానంలో ఉన్నవారికే వర్తిస్తుంది. రెండు వేల రూపాయలకు మించి నగదుగా ఇస్తే అది లెక్కలోకి రాదు, చెక్కుగానో బ్యాంకు బదిలీగానో ఇచ్చి, సంస్థ నుంచి విరాళపు ధ్రువపత్రం తీసుకోండి. మీకు తెలిసిన పెద్ద కంపెనీవారెవరైనా ఉంటే, సామాజిక బాధ్యత కింద లాభంలో రెండు శాతం ఖర్చు చేయవలసిన కంపెనీలకు ప్రభుత్వ నిధులతో నడిచే వైద్య పరిశోధనకు ఇచ్చే వీలు కూడా చట్టంలో ఉందని వారి చెవిన వేయండి.

ప్రశ్న: నేను ప్రభుత్వ పాఠశాలలో పనిచేస్తున్నాను. ఇవ్వడానికి నా దగ్గర డబ్బు లేదు. ఇంకేమైనా చేయగలనా? (ఉపాధ్యాయుడు, కరీంనగర్ జిల్లా)

జవాబు: మాస్టారూ, ఈ పరిశోధనకు డబ్బు కన్నా దొరకనిది ఇంకొకటి ఉంది, అది మీ చేతిలోనే ఉంది. ఏ ఇబ్బందీ లేని పిల్లలు ఎంత బాగా వింటారో తెలియకుండా ఇబ్బంది ఉన్నవారిని గుర్తించడం సాధ్యం కాదని పైన రాశాను. పరిశోధకులు ఊరికి వచ్చినప్పుడు ఒక నిశ్శబ్దమైన గది చూపించి, తల్లిదండ్రులకు విషయం విడమరచి చెప్పి, వారు ఇష్టపూర్వకంగా సంతకం పెడితేనే పిల్లలను పంపించండి. సంతకం పెట్టనివారిని బలవంతం చేయవద్దు. ఒక తరగతి పిల్లలు అరగంట చొప్పున కేటాయిస్తే అది ఏ విరాళానికీ తీసిపోదు.

పైన చెప్పిన మైసూరు వారి 12 ప్రశ్నల జాబితా కూడా తెప్పించుకోండి. సగానికి మించి "అవును" వచ్చిన పిల్లలను పరీక్షకు పంపమని తల్లిదండ్రులకు చెప్పవచ్చు. ఈలోగా మీ గది సంగతి చూడండి. అమెరికా ప్రమాణం ప్రకారం ఖాళీ తరగతి గదిలో చప్పుడు 35 డెసిబెల్లకు మించకూడదు. మన రేకుల షెడ్డులో, వర్షం రోజున ఆ మాట ఎత్తితే నవ్వొస్తుంది. అయినా కిర్రుమనే ఫ్యానుకు నూనె వేయించడం, సందేహం ఉన్న పిల్లవాడిని కిటికీకి దూరంగా ముందు వరుసలో కూర్చోబెట్టడం, బోర్డు వైపు తిరిగి కాకుండా పిల్లల వైపు తిరిగి మాట్లాడటం, ఇంటిపని నోటితో చెప్పి వదిలేయకుండా బోర్డు మీద రాయడం ఏ గ్రాంటూ లేకుండా రేపు ఉదయం నుంచే చేయవచ్చు.